క్రిస్తోబాల్ రేవులో కొలత మనిషి

ఒవీదియో ఆర్చిబోల్డ్‌కు కోపం ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్ళు అతన్ని ఎరగనివాళ్ళు. ఎరిగినవాళ్ళు ఎప్పుడు పోతుందని అడుగుతారు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, ఎండకు నిగనిగలాడే బట్టతల, వేళ్ళ సందుల్లో ఎంత తోమినా వదలని ఆయిలు మరక. రెండు మహాసముద్రాలను కలిపే ఓడల కాలువ దాటడానికి వంతు కోసం క్రిస్తోబాల్ రేవులో లంగరు వేసి కాచుకునే ఓడలకు ఇంధనం పోసే బార్జి 'ఇస్లా గ్రాందే' మీద అతను పాతికేళ్ళుగా కొలత మనిషి. టాంకు మూత తీసి, కొసన ఇత్తడి గుండు ఉన్న ఉక్కు టేపును గుండు అడుగుకు తగిలేదాకా దించి, పైకి లాగి, ఆయిలు ఏ గీత దాకా అంటిందో చదివి చెప్పాలి. అతను చెప్పిన గీతను బట్టే బార్జిలో ఎన్ని టన్నులున్నదీ తేలుస్తారు. ఆ గీత తప్పయితే మిగతాదంతా తప్పే.

అందుకే ప్రతి టాంకులోనూ మూడేసి సార్లు దించేవాడు. తోటివాళ్ళు విసుక్కునేవారు. అతను వాళ్ళకంటే ఎక్కువ విసుక్కునేవాడు. గొట్టానికి ఒక్క బోల్టు వదులైనా, టేపు తుడిచే గుడ్డ తడిగా ఉన్నా, తను కొలుస్తుండగా పక్కన ఎవడైనా ఈల వేసినా నోరు లేచేది. ఫిబ్రవరిలో కార్నివాల్ పండుగ ముందు వారం, వంటవాడి రేడియో తన ధ్యాస చెదరగొట్టిందని దాన్ని తీసుకెళ్ళి సముద్రంలో పారేశాడు. వంటవాడు రెండు రోజులపాటు అన్నంలో ఉప్పు వెయ్యలేదు. ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఇర్మా గ్లాసుతో బియ్యం కొలుస్తుంటే, "గుట్టలా పోశావు, చదును చెయ్యి" అనేవాడు. "ఇది వంటిల్లు, ఓడ కాదు. నీ టేపు అక్కడే దించుకో" అనేది ఆమె. బార్జి మీద జనం వెనకాల అతన్ని 'ఆహీ' అనేవారు, అంటే మిరపకాయ. అతనికీ తెలుసు. ముఖం మీద అననంత వరకు ఊరుకునేవాడు.

కాలువ తవ్వే రోజుల్లో బార్బడోస్ నుంచి పలుగూ పారా పట్టుకుని వచ్చినవాళ్ళ సంతతి వాళ్ళది. రేవు పక్కనున్న కొలోన్ ఊళ్ళో తొమ్మిదో వీధి చెక్క మేడలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఓడలవాళ్ళతో పోట్లాడడానికి పనికొచ్చే ఇంగ్లీషు నాయనమ్మ పెట్టిన భిక్షే. ఇరవయ్యో ఏట గొట్టాలు లాగే కూలీగా బార్జి ఎక్కి, ఆరేళ్ళ తర్వాత పరీక్ష రాసి కొలత మనిషిగా కార్డు తెచ్చుకున్నాడు. ఫోటో ఉన్న ఆ కార్డును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి చొక్కా జేబులో గుండె మీదే ఉంచుకునేవాడు. దాన్ని ఎవరికీ చూపించాల్సిన పని పడేది కాదు. ఆర్చిబోల్డ్ చదివిన గీత అంటే రేవంతా నమ్మేది. నోరు చెడ్డది, చెయ్యి మంచిది అనుకునేవారు.

ఆ నమ్మకానికి ఈ ఏడు తెగులు పట్టింది. మార్చిలో ఒక గ్రీకు ఓడ, ఏప్రిల్‌లో ఒక కొరియా ఓడ, 'ఇస్లా గ్రాందే' తమకు తక్కువ పోసిందని ఫిర్యాదు కాగితం రాసి మరీ వెళ్ళాయి. ఓడలవాళ్ళు అలా రాయడం కొత్తేం కాదు. నాలుగు టన్నులు తప్పుగా కొలుచుకుని దొంగ దొంగ అని అరిచేవాళ్ళను ఒవీదియో ఎంతమందిని చూడలేదు? అయితే బార్జి కంపెనీ కొత్తగా ఒక నియమం పెట్టింది. ఏడాదిలో ఒకే మనిషి మీద మూడు ఫిర్యాదులు పడితే కార్డు వెనక్కి తీసుకుంటారు. కార్డు పోతే మళ్ళీ గొట్టాల పనే. యాభై ఒకటో ఏట గొట్టాలు లాగడం కష్టమే కానీ అతన్ని కాల్చుకు తిన్నది అది కాదు. దొంగ కొలత కొలిచాడన్న పేరుతో దిగిపోవడం. ఆ ఊహ వస్తే చాలు, ఇర్మా వండిన కొబ్బరిపాల అన్నం పళ్ళెంలోనే వదిలేసి లేచేవాడు.

మే నెలలో ఆ రోజు పని మొదలే వంకర. చిలీలో రాగి ఖనిజం నింపుకోవడానికి ఖాళీగా పోతున్న ఓడ ఒకటి, పేరు 'ఆల్డర్ స్ట్రీమ్', ఎనిమిది వందల టన్నులు అడిగింది. మధ్యాహ్నం రెండున్నరకు ఓడను కాలువ దాటించే పైలట్ ఎక్కుతాడు, ఆ తర్వాత ఓడ ఒక్క నిమిషం ఆగదు. పొద్దున ఆరింటికి రమ్మన్నారు. తీరా వెళ్తే గొట్టం పైకి లాగే క్రేను నడిపేవాడు లేవలేదు. లేచాక క్రేను లేవలేదు. ఆ తర్వాత గొట్టం మూతి ఓడ మూతికి సరిపోలేదు. అది సరిపడేలోగా వాన పట్టుకుంది. టాంకు మూతలు తీస్తే నీళ్ళు పడతాయని అరగంట ప్లాస్టిక్ పట్టాల కింద గొంతుక్కూర్చున్నారు.

"కోంపాద్రె, కాస్త కాఫీ తాగు. అరిచినంత మాత్రాన వాన ఆగదు" అన్నాడు బార్జి కెప్టెన్ బెలిసారియో. ఒవీదియో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు అతను. అందుకే ఒకరినొకరు కోంపాద్రె అనుకుంటారు.

"వాన మీద ఎవడు అరిచాడు? ఆ క్రేను వెధవ మీద అరుస్తున్నా."

"వాడికి స్పానిష్ రాదు."

"ఇంగ్లీషులో కూడా అరిచాగా!"

తొమ్మిదిన్నరకు కొలత మొదలైంది. ఓడ తరఫున సాక్షిగా వాళ్ళ ఇంజనీర్లలో మూడోవాడు దిగివచ్చాడు. కళ్ళకింద నల్లచారలు, నిలబడి నిద్రపోయే రకం. టేపు దించేది, చదివేది ఒవీదియో. గుండు వైపు కొసను గుడ్డతో తుడిచేది, టేపు చుట్టేది నికానోర్. అరవై రెండేళ్ళ నికానోర్ నోట్లో నాలుక లేని మనిషి, పదిహేడేళ్ళుగా ఒవీదియో పక్కనే ఉండి అతని తిట్లన్నీ గుడ్డతో తుడుచుకుంటున్నవాడు. చదివినవాడు టేపు కొస ముట్టుకోకూడదు, తుడిచేవాడు గీత చదవకూడదు, సాక్షి చూసి సరేననేదాకా గుడ్డ పెట్టకూడదు. అది ఒవీదియో పెట్టిన పద్ధతి.

"చూశావా? ఒక మీటరు డెబ్బై ఎనిమిది. చూడవయ్యా బాబూ, నా మొహం కాదు, గీత చూడు" అన్నాడు. మూడో ఇంజనీరు తలూపి సంతకం చేశాడు.

నాలుగు టాంకులూ అడుగంటా పంపు చేసేసరికి పన్నెండున్నర దాటింది. చివరి కొలతలో గుండు కొస కూడా తడవలేదు. నాలుగూ ఖాళీ. లెక్క ప్రకారం ఎనిమిది వందల టన్నులు పైకెళ్ళాయి. ఒవీదియో కాగితాలు సంచిలో పెట్టి తాడుకు కట్టి పైకి పంపి, అన్నం డబ్బా మూత తీశాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో పైనుంచి కేక వినిపించింది. ఓడ చీఫ్ ఇంజనీరు కొస్తోవ్, బల్గేరియావాడు, గూటం లాంటి మెడ, రెయిలింగు మీద నుంచి సగానికి వంగి కాగితం ఊపుతున్నాడు.

"నలభై ఐదు! నలభై ఐదు టన్నులు తక్కువ! సంతకం లేదు!"

ఒవీదియోకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు కాదు, అయిదు కాదు, నలభై ఐదు! డబ్బా మూసి నికానోర్ చేతిలో పెట్టాడు. కొస్తోవ్ తన టేపు మెడలో వేసుకుని తాళ్ళ నిచ్చెన మీదుగా బార్జిలోకి దిగాడు.

"నా టాంకులు నేను కొలిచాను. ఏడు వందల యాభై ఐదు ఉంది. మిగతాది ఏది?" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

"మీవాడు చూశాడు. పక్కనే నిలబడి నాలుగు గీతలూ చూసి సంతకం పెట్టాడు. ఖాళీ అయ్యాక కూడా చూశాడు. ఇంకేం మిగల్చను, నా జేబులో పోసుకున్నానా?"

"మావాడు గీత చూశాడు. గీత సరే. టేపు సరా?" కొస్తోవ్ తన మెడలోని టేపు తీసి ముందుకు చాచాడు. "నా టేపు, నీ టేపు, పక్కపక్కన పెడదాం. ఒక్క నిమిషం."

బార్జి మీద ఉన్నవాళ్ళంతా చేతిలో పని ఆపి చూశారు. ఆ రేవులో ఒకడి టేపు పక్కన ఇంకొకడి టేపు పెట్టి చూద్దామనడం ఉత్తమాట కాదు. నువ్వు దొంగవి అని నోటితో అనడానికి ధైర్యం చాలనివాడు అనే మాట అది. ఇంతకుముందు ఆ మాట అన్నవాణ్ణి ఒవీదియో చొక్కా పట్టుకుని నిచ్చెన దాకా సాగనంపాడు.

"డిసెంబరులో పరీక్ష చేయించి ముద్ర వేయించిన టేపు ఇది!" అన్నాడు ఒవీదియో, గొంతు చీలేలా. "నువ్వు పుట్టిన ఊళ్ళో ఓడ ఎలా ఉంటుందో తెలియనప్పుడు నేను టేపు దించాను. నీ టేపు నా టేపు పక్కన పెట్టాలా? తీసి నీ మెడలో వేసుకో, అందంగా ఉంది!"

"పెట్టకపోతే ఫిర్యాదు రాస్తాను."

"రాయి! రాసేముందు నీ టాంకులు నాకు చూపించు. పద, నేనొస్తా పైకి."

కొస్తోవ్ టేపును అక్కడే పెట్టె మీద విసిరేసి నిచ్చెన పట్టుకున్నాడు. ఒవీదియో వెనకే ఎక్కాడు. కిందనుంచి బెలిసారియో, "కోంపాద్రె, మెల్లిగా! మూడోది!" అని అరిచాడు. మూడో ఫిర్యాదు అని అతని అర్థం. ఆ సంగతి గుర్తు చెయ్యాలా?

టైము ఒంటిగంటా పది. ఇంజను గదిలో వేడికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కొస్తోవ్ తన కొలతల పుస్తకం తెరిచాడు. అయిదు టాంకులు. ప్రతి దానికీ గీత, పక్కన దాని టన్నులు. ఒవీదియో వేలు పెట్టి ఒక్కో అంకె మీదుగా జరిపాడు. తప్పు ఎక్కడో ఉండాలి. తన దగ్గర లేదు కాబట్టి ఇక్కడే ఉండాలి. గీతలు బాగానే ఉన్నాయి. అప్పుడు పేజీ పైన చిన్న అక్షరాల్లో రాసిన ఇంకో అంకె మీద అతని వేలు ఆగింది. ఓడ వెనక భాగం ముందు భాగం కంటే ఎంత కిందికి దిగి ఉందో చెప్పే అంకె. ఓడ వాలి ఉంటే టాంకులో ఆయిలు ఒక మూలకు పోతుంది, అందుకని ఆ వాలును బట్టి గీతను సరిదిద్దుకోవాలి.

"రెండు మీటర్లు అని రాశావు. ఎప్పటిది?"

"పొద్దున ఏడింటిది."

"పొద్దున! ఇప్పుడు ఎంతుందో చూశావా?"

కొస్తోవ్ ఆ పేజీ మీదికి మళ్ళీ వంగాడు. ఒవీదియో అతని చెయ్యి పట్టుకుని డెక్కు మీదికి ఈడ్చుకొచ్చి ఓడ పక్కకు చూపించాడు. పొద్దున పైకి లేచి ఉన్న ఓడ ముక్కు ఇప్పుడు నీళ్ళలోకి దిగి ఉంది. కాలువలోకి తోక దించి ముక్కెత్తుకుని వస్తే రానివ్వరు. అందుకని పైన ఓడ నడిపే వాళ్ళు, కింద ఆయిలు ఎక్కుతుండగానే, సరితూకం కోసం అడుగున ఉంచే నీళ్ళను వెనకనుంచి ముందుకు తోడారు. ఇంజను గదికి చెప్పలేదు. కాలువ ముందు లంగరు వేసిన ఓడల్లో ఈ తంతు రోజూ జరిగేదే. పైవాడు కిందవాడికి చెప్పడు, కిందవాడు పైవాణ్ణి అడగడు, మధ్యలో తిట్లు తినేది బార్జివాడు.

"ఓడ చదునైంది, నీ పుస్తకం ఇంకా వాలే ఉంది! మళ్ళీ లెక్క కట్టు!" అన్నాడు ఒవీదియో. ఆ క్షణాన అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కొస్తోవ్ పైకి ఫోను చేసి బల్గేరియా భాషలో ఎవణ్ణో తిట్టాడు. ఇంజను గదిలో ఉన్న ఇంకో టేపు తీసి, కొత్త అంకెతో అన్నిటికంటే వెనక ఉన్న టాంకును మళ్ళీ కొలిచాడు. తొమ్మిది టన్నులు ఎక్కువ తేలింది.

"తొమ్మిది! చూశావా? ఒక్కదాంట్లో తొమ్మిది. అయిదు టాంకులు, అయిదు తొమ్మిదులు నలభై ఐదు. నీ నలభై ఐదు నీ ఓడలోనే ఉంది. సంతకం పెట్టు!"

"మిగతా నాలుగు కూడా కొలవాలి."

"కొలుచుకో. ఒకటి యాభై అయింది. ఒక్కోదానికి పావుగంట. పైలట్ వచ్చి నీకోసం పాట పాడుతూ కూర్చుంటాడా?"

అప్పుడే గోడకున్న ఫోను మోగింది. లంగరు ఎత్తే పని మొదలుపెట్టాలి, బార్జిని వదిలెయ్యండి అని పైనుంచి. కొస్తోవ్ గడియారం చూశాడు, ఒవీదియో మొహం చూశాడు, చెమట తుడుచుకున్నాడు. ఆఖరికి కాగితం లాక్కుని ఎనిమిది వందల టన్నులు అందాయని సంతకం గీకాడు. ఫిర్యాదు లేదు.

నిచ్చెన దిగుతున్నప్పుడు బార్జిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒవీదియో కాగితం ఊపి చూపించాడు. బెలిసారియో తాళ్ళు విప్పించి, ఓడలను లాగే టగ్గు చేత బార్జిని పక్కకు లాగించాడు. 'ఆల్డర్ స్ట్రీమ్' గొలుసు గరగరమంటూ పైకి లేస్తోంది. అంతా సుఖంగా ముగిసింది. ఒవీదియో అన్నం డబ్బా మళ్ళీ తెరిచాడు.

తినలేకపోయాడు. వెనక టాంకులో తొమ్మిది తేలిందంటే న్యాయమే, వాలు మారితే కొసన ఉన్న టాంకులో పెద్ద తేడా వస్తుంది. మిగతా నాలుగూ ఓడ నడుమన ఉన్నవి. నడుమనున్న టాంకుకు వాలు తేడా అంటీ అంటనట్టే ఉంటుంది. ఈ సంగతి అతనికి పాతికేళ్ళుగా తెలుసు. ఇంజను గదిలో మాత్రం గుర్తు రాలేదు. లేదా గుర్తు తెచ్చుకోలేదు. అయితే మిగిలిన ముప్పై ఆరు టన్నులు ఏమైనట్టు? ఆ బల్గేరియావాడికి కొలవడం రాదు, అంతే, అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ ఒళ్ళు మండింది. పెట్టె మీద కొస్తోవ్ మర్చిపోయిన టేపు కనిపించి ఇంకా మండింది.

"నా టేపు పక్కన పెట్టాలంట! రండర్రా, అందరూ రండి. వాడి టేపు ఎంత పాడు టేపో చూపిస్తా" అన్నాడు.

నికానోర్ గుడ్డ పట్టుకుని ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. "ఎందుకు మాస్టారూ, వదిలెయ్యండి. ఓడ పోయింది" అన్నాడు.

"పోనీ. నాకు చూడాలనుంది."

రెండు టేపులూ రెయిలింగుకు వేలాడదీసి, రెండు గుండ్ల కొసలూ ఒక మట్టానికి తెచ్చాడు. కొస్తోవ్ టేపు మీద ఒక మీటరు గీత ఉన్న చోటుకు వేలు పెట్టి, పక్కనున్న తన టేపు మీదికి జరిపాడు. అక్కడ ఒక మీటరు ఎనిమిది సెంటీమీటర్లని ఉంది. మళ్ళీ చూశాడు. గుండ్లు సరిగా ఉన్నాయా అని వంగి చూశాడు. మూడోసారి చూశాడు. పాతికేళ్ళుగా ప్రతిదీ మూడుసార్లు చూడడం అతని అలవాటు. మూడుసార్లూ అదే. గుడ్డ లాక్కుని తన టేపు గుండు దగ్గర గట్టిగా తుడిచాడు. నల్లటి జిడ్డు కింద కొత్త రివెట్టు మెరిసింది. అక్కడ టేపును ఎనిమిది సెంటీమీటర్లు కత్తిరించి, గుండును మళ్ళీ బిగించారు. టాంకులో ఉన్నదానికంటే ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ చూపించే టేపు. ఖాళీ టాంకులో మాత్రం సున్నాయే చూపిస్తుంది. నాలుగు టాంకులు కలిపి ముప్పై ఆరు టన్నులు.

"ఎవరు?" అన్నాడు.

నికానోర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనే మాస్టారూ. టేపు మీద టాంకు మూత పడి గుండు దగ్గర మడత పడింది. తెగిపోయేలా ఉంటే ఆ ముక్క తీసేసి బిగించాను. ఇంత తేడా వస్తుందని తెలీదు. గీత చదవడం నా పని కాదు కదా."

"ఎప్పుడు?"

"కార్నివాల్ ముందు వారం."

"మూడు నెలలు! మూడు నెలల నుంచి నోరు మూసుకున్నావా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా నాకు?"

నికానోర్ టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. పదిహేడేళ్ళలో మొదటిసారి ఎదురు మాట్లాడాడు. "ఆ పొద్దునే మీరు వంటవాడి రేడియో సముద్రంలో పడేశారు. రేపు చెబుదాం అనుకున్నా. మర్నాడు మీరు గుడ్డ తడిగా ఉందని నన్ను తిట్టారు. ఆ తర్వాత గ్రీకు ఓడ గొడవ వచ్చింది. ఆ పైన చెబితే చంపేస్తారనుకున్నాను. మీకు ఏం చెప్పాలన్నా భయమే మాస్టారూ. నాకొక్కడికే కాదు."

ఒవీదియో చుట్టూ చూశాడు. వంటవాడు నేల చూస్తున్నాడు. గొట్టాలవాళ్ళు పక్కకు చూస్తున్నారు. బెలిసారియో కూడా అతని కళ్ళలోకి చూడలేదు. మార్చిలో గ్రీకు ఇంజనీరును అతను దొంగ అని నిచ్చెన దాకా తరిమాడు. ఏప్రిల్‌లో కొరియా మనిషి, తనకన్నా పెద్దవాడు, చేతులు జోడించి మళ్ళీ కొలవమంటే మొహం మీద నవ్వాడు. వాళ్ళిద్దరూ నిజమే చెప్పారు. ఈ కడుపుమంట ఇక ఎవరి మీద చూపించాలో అతనికి తోచలేదు.

బెలిసారియో దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కోంపాద్రె, కాగితం మీద సంతకం పడిపోయింది. ఓడ కాలువలోకి పోతోంది. టేపు మారుద్దాం. ఇక్కడున్నది మనవాళ్ళే. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది" అన్నాడు ఒవీదియో.

చుక్కాని గదిలోకి వెళ్ళి వైర్లెస్ అందుకున్నాడు. ఆ ఛానెల్ రేవులో ఉన్న ప్రతి బార్జీ, ప్రతి టగ్గూ వినేదే. ఓడను పేరు పెట్టి పిలిచి చీఫ్ ఇంజనీరును అడిగాడు. కొస్తోవ్ వచ్చేదాకా ఆగి చెప్పాడు.

"చీఫ్, నేను ఇస్లా గ్రాందే కొలత మనిషిని. టేపులు పక్కపక్కన పెట్టి చూశాను. నాది ఎనిమిది సెంటీమీటర్లు పోయిన టేపు. మీకు ముప్పై ఆరు టన్నులు తక్కువొచ్చాయి. మీరన్నదే నిజం. నేను అరిచింది తప్పు."

ఏదో బార్జి నుంచి ఒకడు, "ఆహీ! మాట్లాడుతోంది నువ్వేనా, ఎవరైనా నీ గొంతు ఎత్తుకుపోయారా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"పైలట్ ఎక్కాడు. కాగితం రాసి మా ఏజెంటుకు పంపు" అన్నాడు కొస్తోవ్. మళ్ళీ, "నా టేపు నీ దగ్గర ఉంది" అన్నాడు.

"ఉంది. ఏజెంటుతో పంపిస్తా."

"వద్దు. ఉంచుకో. ఇప్పుడు నీకే అవసరం."

ఒవీదియో వైర్లెస్ పెట్టేసి, ఫిర్యాదు కాగితాలు మూడు ఇమ్మన్నాడు. మూడెందుకు అని బెలిసారియో అడగలేదు. ఈ ఓడకు ఒకటి, గ్రీకు ఓడకు ఒకటి, కొరియా ఓడకు ఒకటి. తేదీలు, ఓడల పేర్లు, ఎనిమిది సెంటీమీటర్లు, టన్నులు అన్నీ పొందికగా నింపాడు. కింద 'కారణం' అన్న చోట పెన్ను ఆగింది.

"టేపు పాతబడింది అని రాయి. నికానోర్ ముసలాడు, పిల్లలున్నారు" అన్నాడు బెలిసారియో.

ఒవీదియో తల అడ్డంగా ఊపి రాశాడు: 'టేపు తెగింది. బాగుచేసిన మనిషి ఆ మాట కొలత మనిషితో చెప్పడానికి భయపడ్డాడు.' మూడింటిలోనూ అదే రాసి, మూడింటి కిందా సంతకం పెట్టాడు.

తలుపు దగ్గర నిలబడ్డ నికానోర్ మెడ చాచి చూశాడు. చదువు అంతంత మాత్రమే అయినా తన పేరు ఎక్కడా లేదని అతనికి తెలిసింది.

"నా పేరు రాయలేదేం మాస్టారూ?"

"పేరు అడగలేదు వాళ్ళు. కారణం అడిగారు" అని ఒవీదియో చొక్కా జేబులోంచి కార్డు తీసి, కాగితాల మీద పెట్టి, బెలిసారియో ముందుకు జరిపాడు.